హార్మోన్ బిగించమంటుంది, రక్తనాళం వదులుగానే ఉంటుంది: గర్భిణి బీపీ లెక్క ఎలా నడుస్తుంది

ఒక గర్భిణి రక్తంలో యాంజియోటెన్సిన్-2 ఎంతుందో కొలిచి, ఆ అంకె ఒక్కటే చేతికిస్తే ఎవరైనా ఈమెకు బీపీ ఎక్కువే ఉంటుందని అనుకుంటారు. శరీరంలో ధమనులను బిగించే అతి బలమైన హార్మోన్లలో అదొకటి. గర్భం లేనప్పటితో పోలిస్తే గర్భిణిలో అది స్పష్టంగా పెరిగి ఉంటుంది. తీరా చేతికి కఫ్ కట్టి చూస్తే బీపీ మునుపటికంటే తక్కువే కనబడుతుంది. మొదటి మూడు నెలల్లోనే దిగడం మొదలై, 20 నుంచి 24 వారాల మధ్య అట్టడుగుకు చేరి, నెలలు నిండేసరికి మళ్లీ పాత స్థాయికి వస్తుంది. దిగేది సాధారణంగా 5 నుంచి 10 మిల్లీమీటర్లు. పై అంకె కంటే కింది అంకె ఎక్కువ దిగుతుంది.

హార్మోన్ పెరిగింది, దాని ఫలితం తగ్గింది. మధ్యలో మారింది రక్తనాళం. గర్భంలో బీపీ సంగతి తెలియాలంటే హార్మోన్ ఎంతుందనే ప్రశ్నతో పని జరగదు, దానికి ధమని ఎంత మేరకు స్పందిస్తోందని అడగాలి. గర్భం రెండో సగంలో బీపీ పెరిగి ఇతర అవయవాలనూ దెబ్బతీసే ప్రీఎక్లాంప్సియా అనే జబ్బు ఎందుకు వస్తుంది, ఉప్పు మానేస్తే అది ఎందుకు తగ్గదు, కాన్పు తర్వాత కొన్ని ఇంజెక్షన్లు కొందరికి ఎందుకు ఇవ్వకూడదు అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా లెక్క

బీపీ రెండు అంకెల లబ్ధం: గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం పంపుతోంది, ధమనులు ఎంత అడ్డు పెడుతున్నాయి. గర్భం లేనప్పుడు సగటు బీపీ 85, గుండె పంపే రక్తం నిమిషానికి 5 లీటర్లు అనుకుందాం. అడ్డు 85 ÷ 5, అంటే 17 యూనిట్లు. గర్భం మధ్యకు వచ్చేసరికి గుండె పని 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. 7 లీటర్లు అనుకోండి. ధమనులు మునుపటిలాగే ఉంటే బీపీ 119కి ఎగబాకాలి. నిజానికి అది 78 దగ్గర ఉంటుంది. అంటే అడ్డు 11 యూనిట్లకు పడిపోయింది, దాదాపు మూడో వంతు తగ్గింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇంత తగ్గడానికి ధమనులు విపరీతంగా వెడల్పు కానక్కర్లేదు. నాళంలో అడ్డు దాని వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం 10 శాతం పెరిగితే అడ్డు 30 శాతానికి పైగా తగ్గుతుంది. అదే 10 శాతం కుంచించుకుపోతే అడ్డు 50 శాతానికి పైగా పెరుగుతుంది. సన్నని ధమనుల గోడలో ఆ కొద్దిపాటి బిగింపే బీపీని శాసిస్తుంది. ఆ బిగింపు ఎటు పోతుందో తేల్చేది హార్మోన్లు.

యాంజియోటెన్సిన్-2 తయారీ గొలుసు చాలామందికి తెలిసిందే. కాలేయం యాంజియోటెన్సినోజెన్ అనే ప్రొటీన్ చేస్తుంది. మూత్రపిండం వదిలే రెనిన్ దాన్ని కోసి యాంజియోటెన్సిన్-1గా మారుస్తుంది. ప్రధానంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైమ్ దాన్ని యాంజియోటెన్సిన్-2 చేస్తుంది. గర్భంలో ఈస్ట్రోజెన్ ప్రభావంతో కాలేయం యాంజియోటెన్సినోజెన్‌ను బాగా ఎక్కువగా తయారుచేస్తుంది. రెనిన్ కూడా పెరుగుతుంది. గొలుసులో ఏ మెట్టు చూసినా పెరుగుదలే.

మరి శరీరం ఎందుకింత హార్మోన్ తయారుచేసుకుని, దాని మాట వినకుండా ఉంటుంది? ఎందుకంటే ఆ హార్మోన్‌కు రెండు పనులున్నాయి. ధమనులను బిగించడం ఒకటి. అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయించి, మూత్రంలో పోయే ఉప్పును, నీటిని వెనక్కి లాగడం రెండోది. గర్భిణికి ఈ రెండో పని చాలా అవసరం. ప్లాస్మా 40 నుంచి 50 శాతం పెరగాలి. తొమ్మిది నెలల్లో ఒంట్లో 6 నుంచి 8 లీటర్ల నీరు, సుమారు 900 మిల్లీమోల్స్ సోడియం అదనంగా చేరాలి. అందుకే అడ్రినల్ గ్రంథి యాంజియోటెన్సిన్‌కు స్పందిస్తూనే ఉంటుంది, ధమని మాత్రం స్పందన తగ్గించుకుంటుంది. ఒకే హార్మోన్‌కు ఒక అవయవం పనిచేస్తూ మరొకటి చేయకపోవడం వల్లే గర్భం నిలబడుతోంది. వరస చూసినా అలాగే ఉంటుంది. ముందు ధమనులు వదులవుతాయి. నాళాల చోటు పెరిగి, ఉన్న రక్తం చాలనట్టు మూత్రపిండానికి అనిపిస్తుంది. అప్పుడు రెనిన్ పెరిగి, ఉప్పు నిల్వ చేరి, ఖాళీ నిండుతుంది.

1973 నాటి పరీక్ష

గర్భిణులకు యాంజియోటెన్సిన్ ఎక్కిస్తే బీపీ పెద్దగా పెరగదని 1961లోనే అబ్దుల్-కరీమ్, అస్సాలీ చూపించారు. దాన్ని నెలనెలా కొలిచి, జబ్బుతో ముడిపెట్టిన ఘనత డాలస్‌లో నార్మన్ గాంట్ బృందానిది. 1973లో వెలువడిన ఆ పని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మనకున్న అవగాహనకు పునాది అదే.

తొలిసారి గర్భం దాల్చిన 192 మందిని గర్భం పొడవునా మళ్లీ మళ్లీ పరీక్షించారు. పద్ధతి చూడటానికి సులువు. మొదట మామూలు బీపీ నిలకడగా ఉందని నిర్ధారించుకోవాలి. తర్వాత సిర ద్వారా యాంజియోటెన్సిన్-2ను చాలా తక్కువ మోతాదులో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెంచాలి. బీపీ కింది అంకె 20 మిల్లీమీటర్లు పెరగగానే ఆపేయాలి. ఆ పెరుగుదలకు నిమిషానికి, కిలో బరువుకు ఎన్ని నానోగ్రాములు పట్టాయో అదే ఫలితం. ఆ హార్మోన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు కాబట్టి డ్రిప్ ఆపిన కొద్దిసేపటికే బీపీ యథాస్థితికి వస్తుంది.

అందరిలోనూ పదో వారానికల్లా 8 నానోగ్రాముల కంటే ఎక్కువ అవసరమైంది. అంటే ధమనుల మొండితనం గర్భం కడుపు మీద కనబడకముందే మొదలైంది. బీపీ మామూలుగానే ఉండిపోయిన 120 మందిలో అది ఇంకా పెరిగి, సగటున 12.9 నానోగ్రాముల దాకా వెళ్లి, నెలలు నిండేవరకూ నిలిచింది. తర్వాత గర్భకాలపు బీపీ వచ్చిన 72 మంది కూడా 18 వారాల దగ్గర సరిగ్గా అదే అంకెకు చేరారు. కానీ 22 వారాల నుంచి వాళ్ల అంకె దిగడం మొదలైంది. బీపీ ఇంకా మామూలే, కాళ్ల వాపు లేదు, మూత్రంలో ప్రొటీన్ లేదు. ధమని మాత్రం అప్పటికే మారిపోతోంది. 28 నుంచి 32 వారాల మధ్య 8 నానోగ్రాముల కంటే తక్కువకే స్పందించిన వాళ్లలో దాదాపు 90 శాతం మందికి తర్వాత బీపీ వచ్చింది.

అంత కచ్చితత్వం తర్వాతి అధ్యయనాల్లో కనబడలేదు. పైగా ప్రతి గర్భిణికీ గంటల తరబడి ఇలాంటి డ్రిప్ పెట్టడం కుదిరే పని కాదు. దానికి బదులుగా పక్కకు తిరిగి పడుకున్నప్పుడు, వెల్లకిలా తిరిగాక బీపీ చూసి, కింది అంకె 20 పెరిగితే ప్రమాదం అనుకునే రోల్-ఓవర్ పరీక్షను అదే బృందం తెచ్చింది. అది తప్పుడు హెచ్చరికలు మరీ ఎక్కువ ఇచ్చి, వాడుకలోంచి పోయింది. అయినా 1973 నాటి ఫలితంలోని అసలు విషయం చెక్కుచెదరలేదు: ధమని స్పందన మారడం ముందు, బీపీ పెరగడం తర్వాత, మధ్యలో వారాల ఎడం.

ఇదే బృందం మరో సందేహాన్నీ తీర్చింది. రక్తం పరిమాణం పెరిగినందువల్లే హార్మోన్ పలచబడి పనిచేయట్లేదేమో అనే అనుమానం సహజం. ద్రవాలు ఎక్కించి పరిమాణం పెంచి చూసినా స్పందనలో తేడా రాలేదు. కాన్పయి మాయ బయటికి వచ్చాక మాత్రం 15 నుంచి 30 నిమిషాల్లోనే ధమనులు మళ్లీ యాంజియోటెన్సిన్‌కు సున్నితమవుతాయి. అంత తక్కువ సమయంలో రక్తం పరిమాణం మామూలు స్థాయికి రాదు. కారణం గోడలోనే ఉంది, దాన్ని నిలబెట్టే సంకేతాల్లో కొన్ని మాయ నుంచి వస్తున్నాయి.

గోడ లోపల ఏం జరుగుతోంది

ధమని గోడలో ఉండే నునుపు కండర కణం ఎలా బిగుస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. యాంజియోటెన్సిన్-2 వచ్చి కణం ఉపరితలం మీది ఏటీ-1 గ్రాహకానికి అతుక్కుంటుంది. లోపల ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమ్ పని మొదలుపెట్టి ఐపీ-3 అనే చిన్న అణువును విడుదల చేస్తుంది. అది కణంలోని నిల్వల నుంచి కాల్షియాన్ని బయటికి వదిలిస్తుంది. కాల్షియం కాల్‌మోడ్యులిన్ అనే ప్రొటీన్‌తో జతకట్టి, మయోసిన్ అనే కండర ప్రొటీన్ మీద ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్‌ను లేపుతుంది. మయోసిన్ తన పక్కనున్న ఆక్టిన్ అనే ప్రొటీన్‌ను లాగుతుంది, కణం పొట్టిదవుతుంది, నాళం ఇరుకవుతుంది. ఈ పక్కనే రో-కైనేజ్ అనే ఇంకో దారి ఉంది. అది ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్‌ను ఆపి, బిగింపు ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది.

గర్భం ఈ గొలుసును ఒక్కచోట తెంపదు. చాలాచోట్ల కొంచెం కొంచెం వదులు చేస్తుంది. అందుకే ఏ ఒక్క మందుతోనో దీన్ని పూర్తిగా అనుకరించలేకపోతున్నాం.

నాళం లోపొరలో ఉండే ఎండోథీలియల్ కణాలది పెద్ద వాటా. అవి నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే రెండు పదార్థాలను పక్కనున్న కండరానికి పంపుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ కండర కణంలో సీజీఎంపీ అనే సంకేత అణువును పెంచి, కాల్షియాన్ని మళ్లీ నిల్వల్లోకి తోయిస్తుంది, పొటాషియం ద్వారాలను తెరిపిస్తుంది. ప్రోస్టాసైక్లిన్ సీఏఎంపీ అనే మరో సంకేత అణువు ద్వారా ఇలాంటి పనే చేస్తుంది. రక్తప్రవాహం పెరిగినకొద్దీ దాని ఒరిపిడి వల్ల ఈ రెండూ ఇంకా పెరుగుతాయి. ఈస్ట్రోజెన్ కూడా నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌ను పెంచుతుంది, ముఖ్యంగా గర్భాశయ ధమనుల్లో.

ప్రోస్టాసైక్లిన్ చేరిన ప్రోస్టాగ్లాండిన్ల కుటుంబం పాత్ర ఎంతో 1978లో తేలింది. మామూలు గర్భిణులకు, వాటిని తయారుచేసే ఎంజైమ్‌ను ఆపే ఇండోమెథాసిన్ లేదా పెద్ద మోతాదు ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. అంతకుముందు యాంజియోటెన్సిన్‌కు లొంగని ధమనులు చాలా తక్కువ మోతాదుకే బిగుసుకున్నాయి. అంటే మొండితనంలో మంచి భాగం ఆ ఎంజైమ్ చేసే పదార్థాల మీదే ఆధారపడి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఆస్పిరిన్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇక రిలాక్సిన్. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం దీన్ని వదులుతుంది. గర్భం తొలివారాల్లో మూత్రపిండాల నాళాలు తెరుచుకుని వడపోత దాదాపు 50 శాతం పెరగడంలో దీనికి వాటా ఉందని ప్రయోగాలు చెబుతున్నాయి. ఐవీఎఫ్‌లో కొన్నిసార్లు అండం విడుదల లేకుండా, హార్మోన్ మాత్రలతోనే గర్భాశయాన్ని సిద్ధం చేసి పిండాన్ని పెడతారు. అప్పుడు కార్పస్ లూటియం ఉండదు, రిలాక్సిన్ ఉండదు. ఆ పద్ధతిలో గర్భం దాల్చిన వారిలో ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనబడింది. రక్తనాళం సర్దుబాటు మొదటి వారాల్లోనే ఎంత నిర్ణయమైపోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం.

ప్రోజెస్టరాన్, దాని నుంచి వచ్చే పదార్థాలు కూడా ఈ పనిలో ఉన్నాయి. కాన్పు సమయంలో పెద్ద మోతాదు ప్రోజెస్టరాన్ ఇస్తే, మాయ పడిపోయాక సున్నితత్వం తిరిగి రావడం ఆలస్యమైంది. యాంజియోటెన్సిన్ నుంచే పుట్టే యాంజియోటెన్సిన్ 1-7 అనే ముక్క గర్భంలో పెరిగి, నాళాలను వదులు చేస్తుంది. నార్‌అడ్రినలిన్ లాంటి ఇతర బిగింపు హార్మోన్లకు కూడా స్పందన కొంత తగ్గుతుంది గాని, యాంజియోటెన్సిన్ విషయంలో కనబడినంత గట్టిగా కాదు.

గర్భాశయ ధమనులది వేరే దారి

గర్భం లేనప్పుడు గర్భాశయానికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం చాలు. నెలలు నిండేసరికి అది 500 నుంచి 750 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. ఒళ్లంతా ఉన్న ధమనులు ఒక మోస్తరు మొండితనం చూపితే, గర్భాశయ ధమనులు ఇంకా ఎక్కువ చూపుతాయి. వాటి కండరంలో ఏటీ-1 కంటే ఏటీ-2 గ్రాహకాలు ఎక్కువ, ఆ రెండోవి బిగింపు కలిగించవు. గర్భంతో ఉన్న గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో తక్కువ మోతాదు యాంజియోటెన్సిన్‌కు ఒళ్లంతటి బీపీ పెరిగినా గర్భాశయానికి వెళ్లే రక్తం తగ్గలేదు. మోతాదు బాగా పెంచితేనే తగ్గింది.

మాయ కిందకు వచ్చే స్పైరల్ ధమనుల్లో అయితే ఏకంగా కండరమే మాయమవుతుంది. మాయ నుంచి బయల్దేరిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు ఆ ధమనుల గోడలోకి చొచ్చుకెళ్లి, కండరాన్ని, సాగే పొరను తొలగించి, వాటి చోట గట్టిదనం లేని పదార్థాన్ని నింపుతాయి. ధమని నోరు చాలా రెట్లు వెడల్పవుతుంది. కండరం లేని గోడకు ఏ హార్మోన్ వచ్చినా బిగించడానికి ఏమీ ఉండదు. తల్లి భయపడినా, నొప్పి పడినా, అడ్రినలిన్ ఎగిసినా బిడ్డకు రక్తం ఆగకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. ఈ పని 20 వారాల దరిదాపులకు పూర్తవ్వాలి. గర్భాశయ కండరంలోకి వెళ్లే భాగం దాకా చేరకుండా పైపైనే ఆగిపోతే, అక్కడ మిగిలిన కండరం బిగుస్తూ వదులుతూ ఉంటుంది. రక్తం సన్నని నోటి గుండా వేగంగా దూకి మాయ కొమ్మలను దెబ్బతీస్తుంది.

మొండితనం పోయినప్పుడు

దెబ్బతిన్న మాయ తల్లి రక్తంలోకి ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను అతిగా వదులుతుంది. 2003లో దీని పాత్ర బయటపడింది. నాళాల లోపొరను ఆరోగ్యంగా ఉంచే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే రెండు పదార్థాలను ఇది రక్తంలోనే పట్టేసుకుంటుంది. లోపొరకు పోషణ అందక నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ తగ్గుతాయి. ఎండోథెలిన్ అనే బిగింపు పదార్థం పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు చేసే మరో బిగింపు పదార్థం థ్రాంబాక్సేన్‌ది పైచేయి అవుతుంది. ఎస్‌ఫ్లిట్-1 ఎక్కువైన చోట నాళాలు యాంజియోటెన్సిన్‌కు అతిగా స్పందిస్తాయని కూడా ఆ తర్వాత ప్రయోగాల్లో చూశారు.

గ్రాహకం స్థాయిలో రెండు మార్పులున్నాయి. బెర్లిన్‌లో జరిగిన పనిలో 1999లో, ప్రీఎక్లాంప్సియా ఉన్నవారి రక్తంలో ఏటీ-1 గ్రాహకాన్ని అంటుకుని దాన్ని లేపే యాంటీబాడీలు కనబడ్డాయి. అవి ఉంటే హార్మోన్ లేకపోయినా గ్రాహకం పనిచేస్తూనే ఉంటుంది. 2001లో ఇంకొకటి తేలింది: ఏటీ-1 గ్రాహకం, నాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థపు గ్రాహకంతో జతకడుతోంది, ఆ జంట మామూలు ఏటీ-1 కంటే ఎక్కువగా స్పందిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రీఎక్లాంప్సియాలో రెనిన్, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ మామూలు గర్భిణి కంటే తక్కువగా ఉంటాయి. బిగింపు హార్మోన్ తగ్గినా బీపీ పెరుగుతోంది, ఎందుకంటే నాళం కొద్దిపాటి హార్మోన్‌కే బిగుస్తోంది. ప్లాస్మా కూడా పెరగాల్సినంత పెరగదు. కాళ్లు, ముఖం వాచి ఉన్నా, వాచింది నాళాల బయట. నాళాల లోపల ఉన్న ద్రవం తక్కువే.

అందుకే ఉప్పు పూర్తిగా మానేయమనే సలహాకు ఇక్కడ ఆధారం లేదు. వాపు చూసి మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఇవ్వడం కూడా సరికాదు. ఉన్న కాస్త ప్లాస్మా ఇంకా తగ్గి, మాయకు రక్తం తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడే ఆ మందుకు చోటు. అలాగని సెలైన్ ధారాళంగా ఎక్కించడమూ ప్రమాదమే. లోపొర కారుతోంది కాబట్టి ఎక్కించింది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో మొత్తం ద్రవాలు గంటకు 80 మిల్లీలీటర్ల దగ్గర ఆపడం చాలాచోట్ల పాటించే పద్ధతి.

గుర్తించడం

20 వారాల తర్వాత బీపీ 140/90 లేదా అంతకు మించి, కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు ఉండి, మూత్రంలో 24 గంటలకు 300 మిల్లీగ్రాముల ప్రొటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా. ప్రొటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గడం, క్రియాటినిన్ 1.1 దాటడం, కాలేయ ఎంజైమ్‌లు రెట్టింపవడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఊపిరితిత్తుల్లో నీరు వంటి వాటిలో ఏ ఒక్కటున్నా అదే నిర్ధారణ.

కొలిచే తీరులో తప్పులు చాలా జరుగుతాయి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనింపు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే అంకె లేనిదానికంటే ఎక్కువ వస్తుంది. ఎడమ పక్కకు పడుకోబెట్టి పైచేతికి కొలిస్తే చేయి గుండె కంటే ఎత్తులో ఉండి 10 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, తక్కువ చూపిస్తుంది. ఆ తగ్గిన అంకె చూసి బీపీ బాగానే ఉందనుకోవడం చాలా చెడ్డ పొరపాటు. వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం పెద్ద సిరను నొక్కి ఇంకోరకం తప్పు అంకె వస్తుంది.

ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్‌ల నిష్పత్తి ఇప్పుడు రక్తపరీక్షగా వచ్చింది. అనుమానం ఉన్న గర్భిణిలో ఆ నిష్పత్తి 38 లేదా తక్కువ ఉంటే రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని దాదాపు ధీమాగా చెప్పవచ్చు. 2016లో వచ్చిన అధ్యయనంలో ఆ ధీమా 99 శాతం పైనే. 38 దాటినంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. ‘జబ్బు రాదు’ అని చెప్పడానికే ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

ఆస్పిరిన్: మోతాదే అంతా

పెద్ద మోతాదు ఆస్పిరిన్ ధమనులను సున్నితం చేస్తుందని పైన చూశాం. అదే ఆస్పిరిన్‌ను ప్రీఎక్లాంప్సియా రాకుండా ఇస్తున్నాం. ఇందులో వైరుధ్యం లేదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. ఆస్పిరిన్ దాని ఎంజైమ్‌ను ఒకసారి చెడగొడితే అది మళ్లీ తయారుచేసుకోలేదు, ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ థ్రాంబాక్సేన్ చేయలేదు. లోపొర కణానికి కేంద్రకం ఉంది కాబట్టి కొద్ది గంటల్లో కొత్త ఎంజైమ్ చేసుకుని ప్రోస్టాసైక్లిన్ తయారీ కొనసాగిస్తుంది. చిన్న మోతాదు బిగింపు పదార్థాన్ని తగ్గించి, వదులు పదార్థాన్ని ఉంచుతుంది. పెద్ద మోతాదు రెండింటినీ ఆపేస్తుంది.

మొదలుపెట్టాల్సింది 12 వారాల దగ్గర, 16 వారాల లోపే. స్పైరల్ ధమనుల మార్పు జరుగుతున్న కాలం అదే. మోతాదు మార్గదర్శకాలను బట్టి 75 నుంచి 150 మిల్లీగ్రాములు. 2017లో వెలువడిన ఆస్ప్రీ అధ్యయనంలో ప్రమాదం ఎక్కువున్న గర్భిణులకు రాత్రిపూట 150 మిల్లీగ్రాములు, 11-14 వారాల నుంచి 36 వారాల దాకా ఇచ్చారు. 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. నెలలు నిండాక వచ్చే రకం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. మునుపటి కాన్పులో ప్రీఎక్లాంప్సియా, కవలలు, ముందునుంచే బీపీ, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, లూపస్ లాంటివి ఒక్కటున్నా ఇది ఇవ్వాల్సిన వాళ్లే. ప్రీఎక్లాంప్సియా వచ్చి బీపీ పెరిగాక మొదలుపెడితే ప్రయోజనం ఉండదు. ఇతర నొప్పి మాత్రల సంగతి వేరు. 20 వారాల తర్వాత ఐబుప్రోఫెన్ లాంటివి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించగలవు, అవి వద్దు.

ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్న గర్భిణులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం సూచిస్తోంది. కాల్షియం తక్కువైతే పారాథైరాయిడ్ హార్మోన్, రెనిన్ పెరిగి, కండర కణంలోకి కాల్షియం ఎక్కువ చేరి నాళం తేలిగ్గా బిగుస్తుందన్నది దీని వెనకున్న వివరణ.

మందుల దగ్గర ఏం మారుతుంది

బీపీ 160/110 చేరి 15 నిమిషాలు అలాగే ఉంటే అది అత్యవసరం. 30 నుంచి 60 నిమిషాల్లో మందు పడాలి. లాబెటలాల్ సిర ద్వారా 20 మిల్లీగ్రాములు, తగ్గకపోతే 10 నిమిషాలకు 40, ఆపై 80. లేదా నిఫెడిపిన్ నోటి ద్వారా 10 మిల్లీగ్రాములు, 20 నిమిషాల తర్వాత అవసరమైతే 20. ఆస్తమా ఉన్నవారికి లాబెటలాల్ వద్దు. నిఫెడిపిన్ క్యాప్సూల్‌ను గుచ్చి నాలుక కింద వేయకూడదు. బీపీ ఒక్కసారిగా కూలితే మాయకు రక్తం కూడా కూలుతుంది, ఆ నాళాలకు తమంతట తాము సర్దుకునే శక్తి లేదు. చేరాల్సింది 140-150/90-100 దగ్గరికి. 120/80 కోసం తొందరపడకూడదు.

హార్మోన్ గొలుసునే ఆపే బీపీ మందులు, అంటే ఏసీఈని అడ్డుకునేవి, లోసార్టాన్ తరహావి ఇక్కడ వాడకూడదు. బిడ్డ మూత్రపిండం ఎదుగుదల యాంజియోటెన్సిన్ మీదే ఆధారపడి ఉంటుంది. ముందునుంచే వీటి మీద ఉన్నవాళ్లు గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడే మార్పించుకోవాలి.

మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ రాకుండా ఆపుతుంది. దాన్ని బీపీ మందుగా లెక్కపెట్టకూడదు. 4 గ్రాములు 20 నిమిషాల్లో, తర్వాత గంటకు 1 గ్రాము. మోకాలి రిఫ్లెక్స్ పోవడం, శ్వాస నిమిషానికి 12 కంటే తగ్గడం, మూత్రం గంటకు 25-30 మిల్లీలీటర్ల కంటే తగ్గడం ప్రమాద సూచనలు. ఆపేసి 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు నెమ్మదిగా ఇవ్వాలి.

సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు ఈ మొత్తం శాస్త్రం కళ్లెదుటే కనబడుతుంది. మామూలు గర్భిణి నాళాలు యాంజియోటెన్సిన్‌కు లొంగవు గనుక ఆమె బీపీ నిలబడటానికి, నాళాలను బిగించి ఉంచే సింపథెటిక్ నరాల పాత్ర పెద్దది. మత్తు ఆ నరాలను ఆపగానే బీపీ జారిపోతుంది. అందుకే మత్తు ఇచ్చిన వెంటనే నాళాలను బిగించే ఫినైల్‌ఎఫ్రిన్‌ను నిమిషానికి 25 నుంచి 50 మైక్రోగ్రాములతో మొదలుపెడతారు. బీపీ పెంచే మరో మందు ఎఫెడ్రిన్ మాయ దాటి బిడ్డ రక్తాన్ని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి మొదటి ఎంపిక కాదు. ప్రీఎక్లాంప్సియా ఉన్నవారిలో బీపీ అంతగా పడదు, బిగింపు మందు కూడా తక్కువే పడుతుంది. వాళ్లకు మామూలు మోతాదు అలవాటుగా ఇచ్చేస్తే బీపీ ప్రమాదకరంగా ఎగురుతుంది.

కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే మిథైల్ ఎర్గోమెట్రిన్ 0.2 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ గర్భాశయంతో పాటు ఒళ్లంతా ఉన్న ధమనులనూ బిగిస్తుంది. మాయ పడిన అరగంటలోనే ధమనుల మొండితనం పోతుందని చూశాం, ఈ ఇంజెక్షన్ ఇచ్చేది సరిగ్గా అప్పుడే. బీపీ ఉన్నవారికి దాన్ని ఇవ్వకూడదు. ఆక్సిటోసిన్ ఇవ్వవచ్చు. అది నాళాలను వదులు చేస్తుంది, అందుకే సిరలోకి ఒక్కసారిగా తోయకుండా నెమ్మదిగా ఎక్కించాలి. ఎర్గోమెట్రిన్, ఆక్సిటోసిన్ కలిపి ఉన్న ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, గుర్తింపు చీటీ చదవకుండా తీసుకుంటే ఇబ్బంది అక్కడే వస్తుంది.

కాన్పుతో బీపీ వెంటనే తగ్గిపోతుందనుకుని ఇంటికి పంపేయడం మంచిది కాదు. గర్భంలో చేరిన ఉప్పు, నీరు నాళాల్లోకి తిరిగొచ్చే రోజుల్లో, 3 నుంచి 6 రోజుల మధ్య, బీపీ అత్యధికానికి వెళుతుంది. ప్రీఎక్లాంప్సియా అయినవారికి 72 గంటల వరకు గమనింపు, మళ్లీ 7-10 రోజుల్లో కొలత అవసరం. ఆ రోజుల్లో తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ఆయాసం వస్తే బాలింత నీరసం అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. గర్భంలో బీపీ ఏనాడూ పెరగనివాళ్లకు కూడా మొదటిసారి ఈ వారంలోనే పెరగవచ్చు.